రెటీనా గది బయట అడిగే ప్రశ్న

తిరుపతిలో ఏ కంటి ఆసుపత్రిలోనైనా రెటీనా డాక్టరు గది బయట కాసేపు కూర్చోండి. ఒక మాట పదే పదే వినబడుతుంది. "ఇంజెక్షన్ వేస్తే చూపొస్తుందా సార్?" పెద్దవాళ్ళు కంట్లో చుక్కలు వేయించుకుని, తల వెనక్కి వాల్చి కూర్చునుంటారు. అడిగేది వాళ్ళు కాదు. పక్కన ఫైలు పట్టుకున్న కొడుకో, అల్లుడో, మనవరాలో అడుగుతారు. డాక్టరు అవుననీ కాదనీ తేల్చకుండా ఏదో చెప్తాడు. రెండు మూడు ఇంజెక్షన్లయ్యాక అదే కొడుకు "ఏమీ తేడా లేదు, డబ్బులు దండగ" అని పెద్దాయన్ని ఇంటికి తీసుకెళ్ళిపోతాడు. మళ్ళీ రాడు.

వయసు మీద పడ్డాక వచ్చే మాక్యులా (కంటి వెనక పొర అయిన రెటీనా నడిమి భాగం) జబ్బులో మన ఇళ్ళలో పోతున్న చూపులో పెద్ద భాగం ఆ ప్రశ్న వల్లే పోతోందని నా వాదన. చూపు వస్తుందా అని అడిగేవాళ్ళు మానేస్తారు. ఉన్న చూపు నిలుస్తుందా అని అడిగేవాళ్ళు వస్తూ ఉంటారు. మందు రెండు ఇళ్ళకీ ఒకటే.

నేను డాక్టర్ని కాను. మా పెద్దమ్మకి కుడి కంట్లో ఈ జబ్బు తడి రకం, ఎడమ కంట్లో పొడి రకం ఉన్నాయి. ఆమె ఇల్లు తిరుపతి కొర్లగుంటలో, మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆమె కొడుకు, మా అన్న, బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. కాబట్టి ఫైలు మోసే పని నాకు వచ్చింది. ఆ ఫైల్లోని కాగితాలు అర్థం చేసుకోవడానికి డాక్టర్లని విసిగించి, చదివి, తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

పెద్దమ్మ చుక్కల ముగ్గుకి వీధిలో పేరుంది. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయి లెన్స్ పెట్టాక కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆ తర్వాత ధనుర్మాసంలో ముగ్గు వరసలు ఒక పక్కకి ఒరగడం మొదలైంది. అడిగితే "కండ్లు బాగానే ఉండాయి నాయనా, నేలే ఎగుడుదిగుడుగా ఉండాది" అంది. లెన్స్ సరిగ్గా కూర్చోలేదేమోనని అన్న ఫోన్లో అనుమానం. అద్దాల షాపువాడు పవర్ మారిందని కొత్త అద్దాలు అంటగట్టాడు. చివరికి మా అమ్మ "అక్కా, ఎడమ కన్ను చేత్తో మూసుకుని ఆ కిటికీ చూడు" అంది. పెద్దమ్మ చూసి, "కమ్మీలు వంగినాయి గదే! మధ్యలో మసి పూసినట్టుంది" అంది.

ఎందుకో మా అమ్మకి తోచింది గానీ, ఇంట్లో చేయగల పరీక్ష నిజంగా అదే. రెండు కళ్ళూ తెరిచి చూసినంతకాలం బాగున్న కన్ను పాడైన కంటి లోటు పూడ్చేస్తుంది. మెదడుకి బొమ్మ సరిగ్గానే అందుతుంది. ఒక కన్ను సగం పోయేదాకా మనిషికి తెలియకపోవడానికి కారణం ఇదే. స్విట్జర్లాండ్ కంటి డాక్టరు మార్క్ ఆమ్స్లర్ పేరు మీద ఒక గళ్ళ కాగితం ఉంది. పది సెంటీమీటర్ల చదరంలో చిన్న గళ్ళు, మధ్యలో ఒక చుక్క. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని, అడుగు దూరంలో పట్టుకుని, ఒక్కో కన్ను మూసి ఆ చుక్కనే చూడాలి. గీతలు వంగినా, గళ్ళు చెరిగినా, మధ్యలో మచ్చ కనబడినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ కాగితం దొరక్కపోతే కిటికీ కమ్మీలు, బాత్‌రూం టైల్స్, గోడ మీది క్యాలెండర్ గళ్ళు సరిపోతాయి. ఒక్కో కంటితో విడివిడిగా చూడటమే అందులో ముఖ్యం.

ఇంతకీ లోపల జరిగేదేమిటంటే, కంటి వెనక గోడకి అంటుకుని రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. దాని నడుమ సుమారు ఐదు మిల్లీమీటర్ల మేర ఉన్న చోటు మాక్యులా. అక్షరాలు చదవడం, సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్ళేరడం, ఎదుటి మనిషి ముఖం పోల్చుకోవడం దాని పని. గడప ఎక్కడుంది, ఆటో ఏ పక్క నుంచి వస్తోంది లాంటివి చుట్టూ ఉన్న మిగతా రెటీనా చూసుకుంటుంది. ఈ జబ్బు నడిమి చూపుని తింటుంది, పక్కచూపుని వదిలేస్తుంది. ఈ ఒక్క జబ్బుతో పూర్తి చీకటి సాధారణంగా రాదు.

అదే ఇంట్లో వాళ్ళకి అనుమానం తెప్పిస్తుంది. మెట్లు దిగుతోంది, కింద పడ్డ రూపాయి బిళ్ళ కనబడుతోంది, ఎదురుగా నిలబడ్డ కోడలు మాత్రం కనబడదంట! బంధువుల పెళ్ళిలో పెద్దమ్మ తన సొంత ఆడబిడ్డని పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది. "దానికి పొగరెక్కింది" అన్నారు. ఆమెకి చీర అంచు కనబడింది, చేతి గాజులు కనబడ్డాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం బూడిద రంగు మచ్చ ఉంది. తిరుచానూరు గుడిలోనూ అంతే జరిగింది. దీపాలు, పూలదండలు, ముందు నిలబడ్డవాళ్ళ భుజాలు అన్నీ కనబడ్డాయట. అమ్మవారి ముఖం కనబడలేదు. ఆ రోజు బయటికొచ్చి ఏడ్చింది. జబ్బు పేరు విన్న రోజు కూడా ఏడవని మనిషి.

ఈ జబ్బులో రెండు రకాలున్నాయి. పొడి రకంలో, రెటీనాకి కింద దానికి తిండి అందించి చెత్త తీసుకుపోయే కణాల వరస మందగిస్తుంది. కొవ్వు, ప్రోటీన్లు పసుప్పచ్చటి చుక్కలుగా పేరుకుంటాయి. వీటిని డ్రూసెన్ అంటారు. చిన్నవి ఒకటి రెండు ఉంటే అది వయసు తీరే. పెద్దవి ఎక్కువైతే జబ్బు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతుంది. కొందరిలో చివరికి అక్కడక్కడా కణాలు పూర్తిగా చచ్చిపోతాయి. తడి రకంలో మాక్యులా కింద పనికిమాలిన కొత్త రక్తనాళాలు పుడతాయి. వాటి గోడలకి బలముండదు. నీరు కారుతుంది, రక్తం కారుతుంది, రెటీనా ఉబ్బుతుంది. గీతలు వంకరగా కనబడేది అందుకే. వదిలేస్తే అక్కడ గట్టి మచ్చ కట్టేస్తుంది. మచ్చ కట్టిన చోట ఏ మందూ చూపు తేలేదు. ఈ జబ్బున్నవాళ్ళలో తడి రకం వచ్చేది నూటికి పది పదిహేను మందికే. కానీ ఇంజెక్షన్లు రాకముందు ఈ జబ్బుతో చూపు బాగా పోయినవాళ్ళలో ఎక్కువమంది ఈ రకం వాళ్ళే. పొడి రకం ఏళ్ళ లెక్క, తడి రకం వారాల లెక్క. "సంక్రాంతి అయ్యాక చూపిద్దాం" అనే మాట తడి రకానికి పనికిరాదు.

ఇక ఇంజెక్షన్ల సంగతి. కొత్త రక్తనాళాలు పెరగమని శరీరానికి చెప్పే ప్రోటీన్ ఒకటుంది, వీఈజీఎఫ్ అంటారు. దాన్ని 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం వేరుచేసి చూపించింది. ఆ ప్రోటీన్‌ని అడ్డుకునే మందుని కంట్లోకి ఎక్కిస్తే నాళాలు కారడం ఆగుతుంది. అలాంటి మందుల్లో ఒకటైన రానిబిజుమాబ్‌కి అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. ఇలాంటి మందులు రాకముందు లేజర్‌తో కాల్చడం ఒక పద్ధతి. కాల్చిన చోట చూపు ఎలాగూ పోయేది.

ఆ మందుని నిలబెట్టిన పెద్ద పరీక్ష పేరు మరీనా. నా వాదనంతా ఆ పరీక్ష అడిగిన ప్రశ్న మీదే నిలబడి ఉంది. చూపు ఎంత పెరిగింది అనేది వాళ్ళ మొదటి ప్రశ్న కాదు. ఏడాది తర్వాత అక్షరాల పట్టికలో పదిహేను అక్షరాలు, అంటే మూడు వరసలు, పోగొట్టుకోకుండా ఉన్నవాళ్ళు ఎంతమంది అన్నది మొదటి ప్రశ్న. నెలనెలా మందు వేసినవాళ్ళలో నూటికి సుమారు 95 మంది నిలబడ్డారు. మందు లేకుండా సూది వేసినట్టు నటించినవాళ్ళలో 62 మంది. మందు వేసినవాళ్ళలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పదిహేను అక్షరాలు ఎక్కువే చదవగలిగారు. అది అదృష్టం కలిసొచ్చినవాళ్ళ సంగతి. మిగతావాళ్ళకి దక్కింది నిలకడ. మందు తయారుచేసినవాళ్ళే నిలకడని గెలుపుగా లెక్కపెట్టుకుంటే, మన ఇళ్ళలో దాన్ని ఓటమి కింద రాసేస్తున్నాం.

బీపీ మాత్ర వేసుకునే మా చిన్నాన్నని "నయమైందా?" అని ఎవరూ అడగరు. పెరగకుండా ఉంటే చాలనుకుంటారు. చక్కెర మాత్రా అంతే. కంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం శుక్లం ఆపరేషన్ మన బుర్రలో కూర్చుంది. పొద్దున ఆపరేషన్, రెండో రోజు పట్టీ విప్పితే లోకం తళతళ. ఆ అలవాటుతో రెటీనా జబ్బుని కొలిస్తే నిరాశ తప్ప ఏం దక్కుతుంది? పైగా ఈ వయసులో రెండూ కలిసే ఉంటాయి. శుక్లం తీసేసినా మాక్యులా పాడై ఉంటే చూపు రాదు. లెన్స్ పెట్టిన డాక్టరు పాడుచేశాడని నిందపడుతుంది. ఆపరేషన్‌కి ముందు మాక్యులా ఎలా ఉందో చూడమని, వీలైతే ఓసీటీ స్కాన్ (రెటీనాని అడ్డంగా కోసినట్టు పొరలు చూపించే బొమ్మ) తీయమని అడగండి. అడిగితే డాక్టర్లేమీ కోప్పడరు.

మా ఇంట్లోనూ ఈ గొడవ అయింది. నెలకొకటి చొప్పున మొదటి మూడు ఇంజెక్షన్లూ అయ్యాయి. పెద్దమ్మ పట్టికలో ఒక వరస కూడా పైకి పోలేదు. "ఇంకెందుకురా, ఆమెని ఎందుకు హింసపెడతావు" అన్నాడు అన్న. నేను మొదటి స్కానూ తాజా స్కానూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. ఓసీటీ స్కాన్‌లో చేరిన నీరు నల్లగా కనబడుతుంది. మొదటి దాంట్లో మాక్యులా కింద నల్లటి బుడగ, దాని పైన రెటీనా గుట్టలా ఉబ్బి ఉంది. రెండో దాంట్లో బుడగ లేదు, గుట్ట దిగిపోయింది. "చూపు పెరగలేదు సరే, ఇది ఆగకపోతే ఈపాటికి ఎక్కడుండేదో చెప్పన్నా" అన్నాను. అన్న లెక్కల మనిషి, బొమ్మ చూసి ఊరుకున్నాడు. అందరూ ఊరుకోరు. అందుకే చెప్తున్నాను, ప్రతిసారీ స్కాన్ బొమ్మ అడిగి తీసుకోండి, పాతదాని పక్కన పెట్టి చూపించమనండి. పెద్దవాళ్ళకి కనబడని తేడా ఆ కాగితం మీద కనబడుతుంది.

మానేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ మొదటి పరీక్షల్లో మందు వేయించుకున్న కొందరిని ఏడేళ్ళు దాటాక మళ్ళీ పిలిచి చూశారు. నెలనెలా వేసే కాలం ముగిశాక వాళ్ళకి పడిన ఇంజెక్షన్లు బాగా తగ్గిపోయాయి. మూడో వంతుకి పైగా జనం చూపు 6/60కో (మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల దగ్గరికొస్తేనే చదవగలగడం) అంతకంటే కిందికో దిగిపోయింది. మందు కంట్లో కొన్ని వారాలే ఉంటుంది. అయిపోయాక ఆ నాళాలు మళ్ళీ కారతాయి. అలాగని జన్మంతా నెలనెలా వేయించుకోనక్కర్లేదు. మొదటి మూడు నెలలూ నెలకొకటి వేసి, కన్ను పొడిగా ఉంటే ఎడం ఆరు వారాలకి, ఎనిమిదికి, పన్నెండుకి పెంచుకుంటూ పోయే పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల ఉంది. నీరు మళ్ళీ కనబడితే ఎడం తగ్గిస్తారు.

డాక్టర్ల తప్పు లేదనను. ఒక ఆసుపత్రిలో మాకు "ఇంజెక్షన్ వేయాలి, కింద కౌంటర్‌లో కట్టి రండి" అన్నారు తప్ప, ఇది ఎన్నాళ్ళ వ్యవహారమో, దేనికోసం వేస్తున్నారో చెప్పలేదు. ఒక్క నిమిషం కూర్చోబెట్టి "అమ్మా, ఇది చూపు పెంచడానికి కాదు, కాపాడటానికి, ఏళ్ళు పట్టొచ్చు" అని మొదటి రోజే చెప్పి ఉంటే సగం మంది మధ్యలో మానేయరు. ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. ఆలస్యంగా వచ్చి మచ్చ గట్టిపడిపోయిన కంటికి ఎన్ని ఇంజెక్షన్లు వేసినా లాభముండదు, అప్పుడు ఆపడమే న్యాయం. కాకపోతే ఆ నిర్ణయం స్కాన్ చూసి తీసుకోవాలి. మనవడి సెలవులు చూసి తీసుకునే నిర్ణయం కాదది.

ఖర్చు మాటకొస్తే, ఇది పేదవాళ్ళని నిలువునా ముంచే జబ్బు. మందుకి డబ్బు, ఆటోకి డబ్బు, తోడొచ్చినవాడికి ఆ రోజు కూలి పోతుంది. ఇక్కడ మాత్రం ఒక మార్గముంది, దాని గురించి అడగడానికి మొహమాటపడొద్దు. బెవాసిజుమాబ్ అనేది పేగు క్యాన్సర్‌కి 2004లో అనుమతి పొందిన మందు. అదీ వీఈజీఎఫ్‌నే అడ్డుకుంటుంది. ఒక సీసాని చిన్న చిన్న మోతాదులుగా పంచి కంటికి వాడతారు, అందుకే ధర చాలా తక్కువ. కంటి కోసం తయారైన మందు కాదు కదా అని చాలామందికి భయం. అమెరికా ప్రభుత్వ నిధులతో రెండు మందుల్నీ పోల్చి చూసిన పరీక్ష 2011లో వచ్చింది. ఏడాది తర్వాత చూపు విషయంలో రెండూ సమానంగానే పనిచేశాయి. సీసాని పంచే చోట శుభ్రత లేకపోతే మాత్రం ప్రమాదం నిజమే. కాబట్టి ధర తక్కువని ఎక్కడపడితే అక్కడ కాకుండా, రోజూ ఈ పని చేసే చోట వేయించుకోవాలి. రానిబిజుమాబ్‌కి మన దేశంలోనే తయారైన, ఖరీదు తక్కువ రూపం 2015లో వచ్చింది. అఫ్లిబెర్సెప్ట్, ఫారిసిమాబ్ లాంటి కొత్తవి కొందరిలో ఎక్కువ వారాలు పనిచేస్తాయి, ధర కూడా అలాగే ఉంటుంది. ఖరీదైన మందు రెండుసార్లు వేసి మానేయడం కంటే చవక మందు ఏళ్ళ తరబడి వేయించుకోవడం మేలు. ఇది నా అభిప్రాయం. డాక్టరుతో మాట్లాడుకుని మీరు తేల్చుకోండి.

దూరం సంగతి కొంత తేలికైంది. ఒకప్పుడు చిత్తూరు వైపువాళ్ళు వేలూరుకి, తిరుపతివాళ్ళు చెన్నైకి పరిగెత్తేవాళ్ళు. 2019లో తిరుపతికి అరవింద్ కంటి ఆసుపత్రి వచ్చింది. మదురైలో 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మొదలుపెట్టిన సంస్థ అది. అయినా బ్రహ్మోత్సవాల రోజుల్లో అపాయింట్‌మెంట్ పడితే ఊళ్ళో ఊళ్ళోనే గంట ప్రయాణం. ఆ తేదీలు ముందే చెప్పి మార్పించుకోండి.

కంట్లో సూది అంటే పెద్దమ్మ రాత్రంతా నిద్రపోలేదు. తీరా అయ్యాక "ఇంతేనా?" అంది. తిమ్మిరి చుక్కలు వేస్తారు, అయోడిన్ ద్రావణంతో శుభ్రం చేస్తారు, రెప్పలు మూయకుండా క్లిప్పు పెడతారు. నల్లగుడ్డుకి దూరంగా, తెల్లగుడ్డు పక్కనుంచి సన్నటి సూది. మందు ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. ఒత్తినట్టు ఉంటుంది, కొన్ని సెకన్లలో అయిపోతుంది. మర్నాడు తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక కనబడితే కంగారుపడక్కర్లేదు, అదే పోతుంది. అసలు మంట అయోడిన్ వల్లే. కానీ తర్వాతి రోజుల్లో నొప్పి పెరుగుతున్నా, ఎరుపు ఎక్కువవుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు తగ్గినా ఆ పూటే వెళ్ళాలి. లోపల ఇన్ఫెక్షన్ రావడం చాలా అరుదు, వచ్చిందంటే మాత్రం గంటల లెక్క. ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే సూదికి ముందే డాక్టరుకి చెప్పాలి.

పొడి రకం గురించి చెప్పడానికి మందులు తక్కువ, మార్కెట్ ఎక్కువ. పోయిన చూపు తెచ్చే మందు దీనికి ఇప్పటికీ లేదు. చివరి దశలో మచ్చల పెరుగుదలని కొంత నెమ్మదింపజేసే రెండు ఇంజెక్షన్లకి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. అవీ చూపు తిరిగి తెచ్చేవి కావు. రుజువున్న మాత్రలు ఒకే ఒక్క రకం. అమెరికా జాతీయ నేత్ర సంస్థ చేసిన పరీక్షలు 2001లో ఒకటి, 2013లో ఒకటి వచ్చాయి. విటమిన్ సీ, విటమిన్ ఈ, జింకు, రాగి, వాటితో ల్యూటిన్ పది మిల్లీగ్రాములు, జియాజాంథిన్ రెండు మిల్లీగ్రాములు. జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్ళకి, లేదా ఒక కన్ను బాగా దెబ్బతిన్నవాళ్ళకి, ఐదేళ్ళలో ముదిరే అవకాశాన్ని ఇలాంటి మాత్రలు సుమారు పాతిక శాతం తగ్గించాయి. జబ్బు లేనివాళ్ళకి, మొదటి దశవాళ్ళకి లాభం చూపలేదు. చేపనూనె కలిపితే అదనపు ప్రయోజనం కనబడలేదు. పాత ఫార్ములాలోని బీటా కెరోటిన్ సిగరెట్ తాగేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది కాబట్టి దాన్ని తీసేశారు. మెడికల్ షాపులో "కంటికి మంచిది" అని ఇచ్చే డబ్బా వెనక చీటీ చదవండి, ఈ మోతాదులు ఉన్నాయో లేదో చూడండి.

పొన్నగంటి కూర తింటే కళ్ళొస్తాయని మా వైపు నమ్మకం. పెద్దమ్మ వారం వారం వండుకుంటుంది. తినమనే అంటాను, ఆకుకూరల్లో, మొక్కజొన్నలో, గుడ్డు పచ్చసొనలో ఆ ల్యూటినే ఉంది. కానీ తడి రకం కంటికి కూర వైద్యం చేస్తానని కూర్చుంటే కూర మిగులుతుంది, కన్ను మిగలదు. మన చేతిలో ఉన్న పెద్ద పని బీడీ, సిగరెట్, చుట్ట మానడం. వయసునీ పుట్టుకనీ మార్చలేం. మార్చుకోగల కారణాల్లో దీన్ని మించింది లేదు. జబ్బు రక్తసంబంధాల్లోనూ నడుస్తుంది. దీనికి సంబంధించిన ఒక ముఖ్యమైన జన్యువుని 2005లో గుర్తించారు. పెద్దమ్మకి తేలిన వెంటనే మా అమ్మకీ కంటి వెనక పరీక్ష చేయించాం. చిన్న డ్రూసెన్ కొన్ని ఉన్నాయన్నారు. ఆమె ఇప్పుడు రోజూ పూజ అయ్యాక ఒక్కో కన్ను మూసి కిటికీ కమ్మీలు చూసుకుంటుంది.

ఎక్కువమంది బయటికి చెప్పుకోని సంగతి ఇంకోటుంది. ఒక సాయంత్రం పెద్దమ్మ గొంతు తగ్గించి, "గోడ మీద చిన్న చిన్న మనుషులు పోతావుండారు నాయనా, తలపాగాలు కట్టుకుని" అంది. వాళ్ళు నిజం కాదని ఆమెకి తెలుసు, మాట్లాడరనీ తెలుసు. పక్కింటావిడ చెవిన పడితే గాలి సోకిందని తాయెత్తు దాకా పోయేది. కొన్ని ఇళ్ళలో మతి చలించిందని నిద్రమాత్రలు మొదలుపెడతారు. చూపు తగ్గినవాళ్ళలో ఇలా జరగడం మామూలే. కంటి నుంచి బొమ్మలు అందకపోతే మెదడు సొంతంగా బొమ్మలు అల్లుతుంది. 1760లో చార్లెస్ బొన్నె అనే స్విస్ పండితుడు తన తాతకి ఇలా మనుషులు, పక్షులు, మేడలు కనబడటం గురించి రాశాడు, ఆ స్థితికి ఆయన పేరే ఉంది. చాలామందిలో కొన్నాళ్ళకి తగ్గిపోతుంది. లైటు వేయడం, రెప్పలు ఆర్పి చూపు అటూ ఇటూ తిప్పడం కొంత పనిచేస్తాయి. మాటలు కూడా వినబడితే, అవి నిజమేనని నమ్మడం మొదలైతే మాత్రం అది వేరే సమస్య, డాక్టరుకి చెప్పాలి. నేను సంగతి చెప్పాక పెద్దమ్మ "పిచ్చి కాదు గదా" అని నాలుగుసార్లు అడిగి, ఆ తర్వాత తలపాగాల వాళ్ళ గురించి నవ్వుతూనే చెప్పింది.

మిగిలిన చూపుతో బతకడం ఒక విద్య. మన ఊళ్ళలో నేర్పేవాళ్ళు తక్కువ. పెద్ద కంటి ఆసుపత్రుల్లో లో విజన్ విభాగం అని ఉంటుంది, అడిగి వెళ్ళాలి. మధ్యలో మచ్చ ఉన్నప్పుడు చూడాల్సినదాన్ని సూటిగా చూడకుండా కొంచెం పక్కకి చూస్తే అది బాగున్న రెటీనా మీద పడుతుంది. పెద్దమ్మ ఇప్పుడు నా చెవి వైపు చూస్తూ నా ముఖం చూస్తుంది. కొత్తవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది, మాకు అలవాటైంది. అమ్మవారిని కూడా అలాగే చూసొచ్చింది మొన్న. కంచం సంగతి ఆమె కనిపెట్టిందే. తెల్ల పింగాణీ కంచంలో రాగి సంగటి ముద్ద బాగా తెలుస్తుంది, స్టీలు కంచంలో అన్నం తెలియదు. అన్నానికి ముదురు రంగు కంచం కొన్నాం. మెట్ల అంచులకి పసుప్పచ్చ టేపు, గ్యాస్ పొయ్యి మీటకి ఆపివేసే చోట ఎర్రటి గుర్తు, చదివేచోట పక్కనుంచి పడే లైటు. ఐదొందల నోటు అంచుల్లో ఐదు ఉబ్బెత్తు గీతలుంటాయి, వందకి నాలుగు. కొత్త నోటైతే వేలితో తెలుస్తుంది. నలిగిన నోట్లకి రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, ఫోను ముందు నోటు పెడితే ఎంతో చెప్తుంది.

వీటన్నిటికంటే అడ్డు వచ్చేది మన ప్రేమే. "నువ్వు కూర్చో, మేం చేస్తాం" అని వంటింట్లోంచి పంపించేస్తాం. పూలు కట్టడానికి పెద్దమ్మకి మాక్యులా అక్కర్లేదు, వేళ్ళు చాలు. మూర పూలు నా కంటే, మా ఆవిడ కంటే వేగంగా కడుతుంది. ముగ్గు కూడా మానలేదు. చుక్కలు పెట్టడం మానేసి గీతల ముగ్గు వేస్తోంది, కొంచెం వంకరగానే.

వైకల్య సర్టిఫికెట్ గురించి చాలామంది అడుగుతున్నారు. దివ్యాంగుల చట్టం 2016 ప్రకారం అద్దాలు పెట్టాక రెండింట్లో మెరుగైన కంటి చూపు కొలుస్తారు. ఒక కన్ను బాగుంటే రెండో కన్ను పూర్తిగా పోయినా, పింఛనుకి కావాల్సిన 40 శాతం వైకల్యం రాదు. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను ఆరు వేలు. ఒక కన్ను చూసుకుని, ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరం దాకా పోయి నిరాశపడినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. రెండో కంటికీ జబ్బు ముదిరితే అప్పుడు వెళ్ళాలి.

ఆఖరుగా ఫోన్ సంగతి. ఆసుపత్రికి ఫోన్ చేసి "చూపు మందగించింది" అంటే, అవతలి అమ్మాయి శుక్లం అనుకుని వచ్చే నెల తేదీ ఇస్తుంది. ఆమె తప్పు లేదు, రోజూ అలాంటి ఫోన్లే వస్తాయి. "కుడి కంట్లో నాలుగు రోజుల నుంచి నిటారు గీతలు వంకరగా కనబడుతున్నాయి, మధ్యలో మచ్చ ఉంది, రెటీనా డాక్టరుకి చూపించాలి" అనండి. ఏ కన్ను, ఎప్పటినుంచి, ఏం కనబడుతోంది, ఈ మూడూ చెప్పండి. అయినా దూరపు తేదీ ఇస్తే పొద్దున్నే నేరుగా వెళ్ళి ఓపీ చీటీ రాసేచోట ఇదే మాట మళ్ళీ చెప్పండి. పాత స్కాన్లు, ఆపరేషన్ కాగితాలు, బీపీ చక్కెర మందుల చీటీ ఫైల్లో పెట్టుకోండి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళని ఒంటరిగా పంపకండి, తిరిగొచ్చేటప్పుడు ఎండకి నల్ల కళ్ళద్దాలు తీసుకెళ్ళండి.